బునాది

(మడికొండలో చేసిన కాళోజీ స్మారక ఉపన్యాసానికి లిఖిత పాఠం)



నన్ను పిలిచినవాళ్లు మాట్లాడాల్సిన విషయం కూడా వాళ్లే ఇచ్చారు. ‘విశ్వాసం, విలువలు: జీవితానికి పునాది’ అని ఆహ్వానపత్రికలో అచ్చువేశారు. ఆ కాగితం మా ఇంట్లో బల్ల మీద ఉంటే నాలుగో తరగతి చదివే మా మనవరాలు కూడబలుక్కుని చదివి, “తాతా, పునాది అంటే మన బునాదేనా?” అని అడిగింది. “అదే బిడ్డా” అన్నాను. “మరి తప్పు రాసిండ్రు కదా” అన్నది.

నవ్వి ఊరుకోవచ్చు. కానీ నలభై ఏళ్లు పంతులుగిరి చేసినవాణ్ని, అలవాటు పోదు, నిఘంటువు తీశాను. పునాదికీ బునాదికీ తల్లి ఒకటే. పారసీ ‘బునియాద్’. ఉర్దూ మీదుగా మన వాకిట్లోకి వచ్చిన మాట. చూడండి, మనం ఇంట్లో అనే బునాదే అసలు మాటకు దగ్గరగా ఉంది. బడికి వెళ్లి చదువుకున్న పునాదే కొంచెం దూరం జరిగింది. బడిలో నేర్పే మాట కంటే జనం నోట్లో నలిగిన మాటకే ప్రాణం ఎక్కువని బతుకంతా వాదించిన కాళోజీ ఈ ముచ్చట వింటే ఎంత సంబరపడేవారో! ఆయన పేరు మీద జరిగే సభ కాబట్టి ఈరోజు నేను బునాది అనే అంటాను. పెద్దలు క్షమించాలి.

ఈ మాటలో ఇంకో సంగతి కూడా ఉంది. ఇల్లంతా దేని మీద నిలబడుతుందో, ఆ వస్తువు పేరే మనకు పుట్టుకతో వచ్చింది కాదు. ఎక్కడి నుంచో వచ్చింది, మనదైంది. ఇప్పుడు అది లేకుండా మనం ఇల్లే కట్టలేం.

కాళోజీ నారాయణరావు గారూ అంతే. 1914 సెప్టెంబర్ 9న ఆయన పుట్టింది ఇక్కడ కాదు, కర్ణాటకలోని రట్టిహళ్లిలో. తండ్రి రంగారావు గారి వైపు మరాఠీ, తల్లి రమాబాయమ్మ గారి వైపు కన్నడం. ఆనాటి నిజాం రాజ్యంలో చదువంటే ఉర్దూ. అన్న రామేశ్వరరావు గారు ‘షాద్’ అనే పేరుతో ఉర్దూలో కవిత్వం రాసినవారు. ఇన్ని భాషల మధ్య ఈ మడికొండ మట్టిలో పెరిగిన పిల్లవాడు తెలంగాణ తెలుగుకు గొంతయ్యాడు. ఆయన పుట్టినరోజును ఇప్పుడు రాష్ట్రమంతా తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నది. అంటే బునాది పుట్టుకతో దొరికేది కాదు. ఎవరి బునాది వాళ్లు తవ్వుకోవలసిందే. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఈ తవ్వకం గురించే.

తవ్వకం అంటే నాకు ఒక దినం గుర్తుకొస్తుంది. గొప్పగా చెప్పుకునే దినం కాదు.

ముప్పై ఏళ్ల కిందటి మాట. ఒక పల్లె బడికి నేను హెడ్‌మాస్టరుని. ఊరి పేరు అవసరం లేదు. రెండు గదులు మంజూరయ్యాయి. ముగ్గు పోశారు, కొబ్బరికాయ కొట్టారు, బునాది తీయడం మొదలుపెట్టారు. అది నల్లరేగడి నేల. రేగడి సంగతి రైతులకు తెలుసు. వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం నోరు తెరుచుకుని పర్రెలు బాస్తుంది. పంటకు అది తల్లి, గోడకు మాత్రం శత్రువు. దాన్ని దాటి కింద మొరం తగిలే దాకా తవ్వాలి. మూడో నాడు మేస్త్రీ నన్ను గుంత దగ్గరికి పిలిచాడు. గడ్డపార ఎత్తి వేశాడు. మెత్తగా దిగింది, చప్పుడు లేదు. “చూసిండ్రా సారూ, ఇంక రేగడి దాటలే. మొరం తగిల్తే గడ్డపార కంగుమంటది. ఇంకో రెండడుగులు పోవాలె” అన్నాడు.

కాగితం మీద లోతు ఐదడుగులు. తవ్వింది మూడు. కాంట్రాక్టరు పక్కనే ఉన్నాడు. “జూన్ల బడి తెరుస్తరు సార్. పిల్లలు చెట్టు కింద కూసుంటున్నరు, మీకే పాపం. గోడ లేచినంక బునాది ఎవరు జూస్తరు?” అన్నాడు. పని జరిగినట్టు నేనూ సంతకం పెట్టాలి. ఐదడుగులని రాసి ఉంది. పెట్టాను.

నేను డబ్బు తీసుకోలేదు. అది చెప్పుకుని చాలా కాలం ధైర్యంగానే ఉన్నాను. తర్వాత తెలిసివచ్చింది, తప్పు చేయించే కారణం ఎప్పుడూ చెడ్డ ముఖంతో రాదని. పిల్లల చదువు పేరు చెప్పుకుని వస్తుంది. ఇంటి అవసరమని వస్తుంది. అందరూ చేస్తున్నదేనని వస్తుంది. నాకు విలువలు లేవని కాదు. ఉన్నాయి, మూడడుగుల లోతున ఉన్నాయి.

ఆ గోడ సంగతి చివర్లో చెబుతాను.

లోతు సంగతి మా అమ్మను చూస్తే తెలిసేది. ఆమెకు అక్షరం రాదు. సోమవారం ఒక్కపొద్దు. శివరాత్రికి ఇక్కడికే, ఈ మెట్టుగుట్ట రామలింగేశ్వరుడి దగ్గరికే జాగారానికి వచ్చేది. గుట్ట మీద జంటగా నిలబడ్డ ఆ రాతి స్తంభాలను చూపించి, “అంత పొడుగు రాయి గాలికి పడతలేదంటే చూడు” అనేది. అది ఆమె వేదాంతం. కానీ ఆమె భక్తి నాకు గుట్ట మీద కంటే వాకిట్లో ఎక్కువ కనబడింది. ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడు పక్కింటి నుంచి మానికెడు బదులు తెచ్చేది. తెచ్చేటప్పుడు మానిక మీద చేయి అడ్డంగా రాసి, అంచుకు చదును చేసి తెచ్చేది. తిరిగి ఇచ్చేటప్పుడు గోపురంలా పోసి, గింజలు జారి కింద పడేంత నిండుగా ఇచ్చేది. “ఎక్కువ ఎందుకమ్మా?” అంటే, “మనకు అవసరం పడ్డప్పుడు వాళ్లు ఇచ్చిండ్రు కదా. దానికి ఇంత కలపకపోతే ఎట్ల?” అనేది.

దేవుడి మీద నమ్మకం మనిషిలో ఎంత లోతుకు దిగిందో కొలవడానికి ఆ మానిక కంటే మంచి కొలత నాకు ఇంతవరకు దొరకలేదు. ఎవరూ చూడని చోట, ఎవరూ అడగని చోట చేయి ఎటు వంగుతుందన్నదే ప్రశ్న. మన వైపు ఈ గుణానికి ఒక మాట ఉంది: నియ్యతి. “నియ్యతి గల్లోడు” అంటాం. ఇదీ ఉర్దూ నుంచి వచ్చిన మాటే. మనిషి లోపలి ఉద్దేశం అని అర్థం. గుళ్లో అన్నా, మసీదులో అన్నా, చర్చిలో అన్నా, ఏ గుడికీ పోనివాడు అన్నా ఆ మాట అర్థం మారదు. విశ్వాసానికీ విలువలకూ మధ్య గోడ కట్టి, ఒకటి పూజగదిలో, ఇంకొకటి ఆఫీసులో పెట్టుకునే చదువు మా అమ్మకు తెలియదు.

ఈ నేలకు ఆ లెక్క పాతదే. ఇక్కడికి దూరం కాని బమ్మెరలో 15వ శతాబ్దంలో పోతన ఉన్నాడు. భాగవతాన్ని రాజుకు అంకితమిస్తే సంపద వస్తుందని తెలిసీ శ్రీరాముడికే ఇచ్చాడు. రాజు కోపగించి గ్రంథాన్ని పాతిపెట్టించాడనీ, కవి నాగలి పట్టి బతికాడనీ జనం చెప్పుకుంటారు. ఈ కథలో మనం ఎప్పుడూ పోతన పట్టుదలనే చూస్తాం. నేను ఇంకో వైపు చూడమంటాను. ఈరోజు మన చేతిలో ఉన్న తెలుగు భాగవతంలో ఐదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, చివరి రెండు స్కంధాలు నారయవి. పోతన రాసింది మొత్తం మనదాకా రాలేదు, శిథిలమైన చోట్లు వేరేవాళ్లు పూరించారు. కానీ ఆ పుస్తకాన్ని ఇవాళ్టికీ పోతన భాగవతమనే అంటున్నాం. ఒకడు వేసిన బునాది గట్టిదైతే గోడ కూలినచోట ఇంకొకడు వచ్చి కడతాడు. ఆ ఇల్లు పడిపోదు, దాని పేరూ మారదు.

ఇప్పుడు మన కాళోజీ దగ్గరికి వద్దాం.

ఆయన బతుకును పుట్టిన తేదీ, బిరుదులు, పుస్తకాలు అని వరసగా చెబితే బడిపిల్లల వ్యాసమవుతుంది. నేను ఆయన ఓడిపోయిన సందర్భాలు చెబుతాను. ఎందుకంటే గెలిచినవాడి బునాది ఎవరికీ కనబడదు. గాలివాన వచ్చినప్పుడే అది తెలిసేది.

1944లో ఓరుగల్లు కోటలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు పెట్టుకున్నారు. సొంత భాషలో సభ పెట్టుకోవడమే ఆనాడు సాహసం. సభాపందిరిని తగలబెట్టారు. వద్దనుకుని ఇళ్లకు పోయినా తప్పుబట్టేవాళ్లు లేరు. సభ ఆగలేదు, కవులు కవిత్వం చదివారు. ఆ పట్టుదల వెనక నిలిచినవాళ్లలో కాళోజీ ఒకరు. 1946 ఆగస్టులో అదే కోటలో జాతీయ జెండా ఎగరేశారని దాడి జరిగి మొగులయ్య అనే కార్యకర్త హత్యకు గురయ్యాడు. హత్య చేసినవాళ్ల సంగతి అటుంచి, నిలదీసిన కాళోజీని వరంగల్ నగరం నుంచి బహిష్కరించారు. ఆనాటి నిజాం ప్రధాని మీర్జా ఇస్మాయిల్ వరంగల్ వచ్చినప్పుడు, ఈ అన్యాయం ఇంకెన్నాళ్లని కవితలోనే ఆయన్ను నిలదీశారు. జైలు చూశారు. న్యాయవాది చదువు చదివినా సంపాదన మీద ధ్యాస పెట్టలేదు.

స్వరాజ్యం వచ్చింది. ఇక అన్యాయం చేసేవాడు పోయాడు కదా, కవి నిద్రపోవచ్చు. అక్కడే ఆయన వేరుగా నిలబడ్డారు. 1952 ఎన్నికల్లో కాంగ్రెసు తరఫున వరంగల్ పార్లమెంటు స్థానానికి నిలబడి పెండ్యాల రాఘవరావు గారి చేతిలో ఓడిపోయారు. మరుసటి ఏడు ‘నా గొడవ’ అచ్చయింది. పేరు చూడండి. గీతిక అనలేదు, మాలిక అనలేదు, లహరి అనలేదు. గొడవ అన్నారు. మన దగ్గర గొడవ అంటే కొట్లాట ఒక్కటే కాదు, మనసును తినే రంధి కూడా. నిజాం మీద ఎంత గొడవ పడ్డారో, తాను ఓట్లడిగిన పార్టీ పాలన మీదా అంతే పడ్డారు. 1958 నుంచి 1960 దాకా శాసనమండలిలో కూర్చున్నారు. ఆ కుర్చీ కూడా గొంతు తగ్గించలేదు. ఎమర్జెన్సీ ముగిశాక సత్తుపల్లిలో సాక్షాత్తూ ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీదనే పోటీకి దిగారు. గెలుస్తానని దిగలేదు. ఎవరో ఒకరు ఎదురు నిలబడాలి కాబట్టి దిగారు. ఓడిపోయారు. ఆ ఓటమి తర్వాత ఆయన విలువ ఒక్క వీసమైనా తగ్గిందా?

ఇక్కడ ఒక అనుమానం రావాలి. వచ్చిందని నాకు కొందరి ముఖాలు చూస్తే తెలుస్తున్నది. “సారూ, ఆయన మాట మార్చలేదా? మొదట విశాలాంధ్ర కావాలన్నడు కదా?”

అవును, అన్నారు. తెలుగువాళ్లంతా ఒకే రాష్ట్రంలో ఉండాలని మనసారా కోరుకున్నారు. కలిసిన తర్వాత ఇక్కడి మనిషికి, ఇక్కడి మాటకు, ఇక్కడి కొలువుకు జరుగుతున్నది చూశారు. 1969 నాటికి ప్రత్యేక తెలంగాణ వైపు నిలబడ్డారు. తాను పొరబడ్డానని దాచుకోలేదు. ఇది నిలకడ లేకపోవడమా?

దీనికి జవాబు నేను రామప్పలో వెతుక్కున్నాను. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఎనిమిది వందల ఏళ్లలో ఎన్ని సార్లు భూమి అదిరిందో, అయినా నిలబడింది. దేని మీద? బండ మీద అనుకుంటాం. కాదు, ఇసుక మీద. కాకతీయ శిల్పులు లోతుగా గుంత తీసి, దాన్ని ఇసుకతో దట్టించి, దాని మీద అంత బరువైన రాతి గుడిని నిలబెట్టారు. భూమి అదిరితే ఆ అదురును ఇసుక తాను తీసుకుంటుంది. గింజ గింజా కొద్దిగా జరిగి మళ్లీ సర్దుకుంటుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమంటపాన్ని రాయి రాయి విప్పి, ఏళ్ల తరబడి పనిచేసి, 2024లో తిరిగి తెరిచారు కదా, అక్కడా కింద ఉన్నది ఇసుక బునాదే.

నేను చిన్నప్పటి నుంచి అనుకున్నదేమిటంటే, సూత్రం అంటే బండ అని, కదలకూడదని. రామప్ప వేరే చెప్పింది. నిలబడటం అంటే బిగుసుకుపోవడం కాదు. పైన గుడి నిలవాలంటే కింద ఏదో ఒకటి సర్దుకునే ఓర్పుతో ఉండాలి. అయితే ఇసుక ఊరికే పోస్తే కొట్టుకుపోతుంది. నాలుగు వైపులా గట్టి అంచు ఉండాలి. కాళోజీకి ఆ అంచు ఉంది: ఎవరికి అన్యాయం జరుగుతున్నదో వాడి పక్కన నిలబడాలన్నది. ఆ అంచు లోపల ఆయన అభిప్రాయాలు జరిగాయి, సర్దుకున్నాయి. అంచు మాత్రం జరగలేదు. విశాలాంధ్రను కోరినప్పుడూ తెలుగువాడి మేలే, తెలంగాణను కోరినప్పుడూ తెలుగువాడి మేలే ఆయన చూసింది. అంచు లేనివాడు పార్టీ మారుస్తాడు. అంచు ఉన్నవాడు అవసరమైతే తన మాటనే దిద్దుకుంటాడు. చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ మార్పు వల్ల ఎవరికి లాభం కలిగిందో అడిగితే తేడా తెలిసిపోతుంది.

ఇంకో చేదు సంగతి కూడా ఈ వేదిక మీదనే చెప్పాలి. విశ్వాసం గట్టిదైతే చాలదు. కోటలో పందిరి తగలబెట్టినవాళ్లకూ, మొగులయ్య ప్రాణం తీసినవాళ్లకూ తమ నమ్మకం మీద గట్టి పట్టే ఉండి ఉంటుంది. దేవుడి పేరు మీద, కులం పేరు మీద, జెండా పేరు మీద లోకంలో జరిగిన ఘోరాల్లో చాలావాటిని చేసినవాళ్లు నమ్మకం లేనివాళ్లు కారు. మరి ఏ నమ్మకం బునాది, ఏది బండరాయి? నాకు తోచిన పరీక్ష ఒకటే. బునాది బరువు మోస్తుంది. బండరాయి ఎదుటివాడి మీద పడుతుంది. నీ నమ్మకం నీ ఇంటి బరువునూ, వీలైతే పక్కింటి బరువునూ మోస్తుంటే అది బునాది. నీ నమ్మకాన్ని ఊళ్లో ఇంకెవడో తన వీపు మీద మోయాల్సి వస్తుంటే, అది ఎంత పవిత్రమైన పేరు పెట్టుకున్నా బండరాయే.

కాళోజీ ఈ పరీక్షలో నెగ్గారు. ఉర్దూను తమ మీద రుద్దిన రాజ్యంతో కొట్లాడారు గానీ ఉర్దూతో కొట్లాడలేదు. ఎలా కొట్లాడతారు, అది తన అన్న కవిత్వం చెప్పిన భాష! పాలకుడి మీది కోపాన్ని పక్కింటివాడి మీదికి మళ్లించలేదు. ఇవాళ మన చేతుల్లోని ఫోన్లు రోజూ మనతో చేయిస్తున్నది ఆ మళ్లింపే. అందుకే ఈ మాట ఇంత విడమరచి చెబుతున్నాను.

ఇప్పుడు ఆ బడి గోడ దగ్గరికి పోదాం.

మూడో వానాకాలానికి గోడ మీద పగులు వచ్చింది. కిటికీ మూల నుంచి జెర్రిలా పైకి పాకింది. సున్నం వేయించాను. ఎండాకాలానికి మళ్లీ తెరుచుకుంది. ఆ మేస్త్రీనే పిలిపించాను. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. జేబులో నుంచి చిన్న గాజు ముక్క తీసి, పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొసలకూ సిమెంటు అద్ది అతికించాడు. “ఇది పలిగితె గోడ ఇంక నడుస్తున్నట్టు సారూ. పలగకపోతె ఆగినట్టు” అన్నాడు. గోడ నడవడం! పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు, వాళ్ల వెనక గోడ నడుస్తున్నది. రెండు నెలలు తిరగలేదు, ఒక ఉదయం పోయి చూస్తే గాజు నడిమికి పలిగింది. అంత సన్నని గీత నేను ఎన్నడూ చూడలేదు, అంత గట్టిగా నన్ను ఎవరూ కొట్టలేదు.

ఇటలీలో పీసా గోపురం ఉందని మీరు చదువుకున్నారు. మన వేయిస్తంభాల గుడి 1163 నాటిది. సరిగ్గా పదేళ్లకు, 1173లో, ఆ గోపురం మొదలైంది. అంత ఎత్తుకు బునాది లోతు మూడు మీటర్లు, నేల చూస్తే మెత్తన. మూడో అంతస్తుకే ఒరగడం మొదలైంది. యుద్ధాలు వచ్చి దాదాపు నూరేళ్లు పని ఆగింది. ఆ ఆగడమే దాన్ని కాపాడింది. ఆలోపు కింద మట్టి బిగిసింది. ఆగకుండా కట్టి ఉంటే ఆనాడే కూలేదంటారు. తర్వాత పైఅంతస్తులను కాస్త వంచి కట్టి ఒరుగును కప్పిపుచ్చాలని చూశారు, కుదరలేదు. చివరికి 1999, 2001 మధ్య నిపుణులు గోపురాన్ని నెట్టలేదు. ఒరిగిన వైపుకు ఎదురు దిక్కున, కింది నుంచి మట్టిని కొద్దికొద్దిగా తీశారు. గోపురం తనంతట తాను నలభై సెంటీమీటర్ల దాకా వెనక్కి వచ్చింది.

మనం జీవితంలో చేసేది చాలాసార్లు ఆ పైఅంతస్తుల పనే. కింద తప్పు జరిగితే పైన సున్నం వేస్తాం. తీర్థయాత్రకు పోతాం, విరాళం ఇస్తాం, పెద్ద పెద్ద మాటలు మాట్లాడతాం. నేను ఆ ఏడాది గుట్టకు మూడు సార్లు పోయివచ్చాను. మెట్లు దిగి వచ్చేసరికి పగులు అక్కడే ఉంది.

చివరికి పైఅధికారులకు ఉత్తరం రాశాను. లోతు మూడడుగులే, తెలిసే సంతకం పెట్టాను అని. నేనేదో వీరుణ్నని కాదు. రాత్రిపూట నిద్ర పట్టక రాశాను. ఒక ఇంక్రిమెంటు ఆపారు. పిల్లలను మళ్లీ చెట్టు కిందికి పంపాం. గోడ పక్కన గజం గజం చొప్పున, ఒకచోట విడిచి ఒకచోట తవ్వుకుంటూ మొరం దాకా పోయి, కింద రాయీ కాంక్రీటూ దట్టించారు. గడ్డపార మొదటిసారి కంగుమన్నప్పుడు మేస్త్రీ తల ఎత్తి నా వైపు చూశాడు. అంతే, ఏమీ అనలేదు.

ఆ పని అయ్యాక పగులు మీద ఇంకో గాజు ముక్క అతికించాడు. రోజూ బడికి పోగానే ముందు దాన్ని చూసి, తర్వాతే గంట కొట్టించేవాణ్ని. నేను రిటైరయ్యేనాటికి అది పలగలేదు.

ఈ ఉపన్యాసం రాసుకుంటూ ఒక రాత్రి అనిపించింది. మన సమాజమనే గోడ మీద కాళోజీ అట్లాంటి గాజు ముక్కే కదా అని. గోడ ఎక్కడ కదిలినా ముందు పలిగింది ఆయనే. పందిరి కాలితే పలిగాడు, మొగులయ్య పడితే పలిగాడు, స్వరాజ్యంలో ఆకలి చూస్తే పలిగాడు, ఎమర్జెన్సీలో నోళ్లు కుడితే పలిగాడు. ఆ ప్రతి పగులు చప్పుడుకే ఆయన ‘నా గొడవ’ అని పేరు పెట్టుకున్నారు. 1992లో పద్మవిభూషణ్ ఇచ్చి అద్దాల బీరువాలో పెట్టాలని చూశాం. ఆయన గోడ మీదనే ఉన్నారు. 2002 నవంబర్ 13న పోయాక కూడా చితికి పోలేదు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. పిల్లలు చదువుకోవడానికి తన ఒంటినే బల్ల మీద పరిచి పోయారు. ఇవాళ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరుంది. హనుమకొండలో 2014లో బునాదిరాయి వేసిన కాళోజీ కళాక్షేత్రం 2024లో తలుపులు తెరిచింది. మంచిదే. కానీ శిలాఫలకం అందరికీ కనబడుతుంది, బునాది ఎవరికీ కనబడదు. ఆయన మనకు విడిచిపోయింది ఆ రెండోది.

బడిపిల్లలకు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మీకు విలువలు నేర్పమని నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసిన పాఠం చిన్నది. మీ ఇంట్లో, మీ బడిలో, మీ లోపల ఎక్కడైనా పగులు కనిపిస్తే సున్నం వేయకండి. ఒక గాజు ముక్క అతికించి, రోజూ పొద్దున్నే దాన్ని చూసిరండి. పలిగితే ఆ పలిగిన సంగతి పెద్దలకు వినబడేటట్టు చెప్పండి. మేం కోప్పడతాం, ఫర్వాలేదు. ఆ తర్వాత గడ్డపార అందుకుని మీ పక్కన తవ్వడానికి మాలో ఎవరో ఒకరు వస్తారు.

మా మనవరాలు రేపు బడిలో ‘బునాది’ అని రాస్తే టీచరు ఎర్ర ఇంకుతో దిద్దుతారేమో తెలియదు. దిద్దినా ఫర్వాలేదు, నేను పుస్తకం చూసి సంతకం పెడతాను. ఈసారి చదివే పెడతాను.